హంతకుడెవరో ముందే తెలిసిపోయినా డిటెక్టివ్ కథ ఎందుకు చదవాలి?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. నిజజీవితంలో హత్య కేసులు తేల్చేది పోలీసులే కదా, కథల్లో మాత్రం ప్రైవేట్ డిటెక్టివ్ ఎందుకు? హంతకుడి పేరు ఎలాగూ చివర్లో చెప్పేస్తారు కదా, దానికోసం మూడొందల పేజీలు ఎందుకు? మూడోది మీ సొంత బాధ: మీరు సగంలోనే హంతకుణ్ణి ఊహించేస్తున్నారు, ఆ తర్వాత పుస్తకం చేదైపోతోంది. లోపం మీదా, పుస్తకానిదా?

నేను చాలా ఏళ్లుగా డిటెక్టివ్ నవలలు రాస్తున్నాను. ఇతరులు రాసిన ప్రతులు చదివి దిద్దడం కూడా నా పనిలో భాగమే. అందుకని ఈ కథల్లో ఎక్కడ ఏ పేచీ ఉందో కొంచెం లోపలి నుంచి చెప్పగలను.

మామూలుగా ఈ ప్రశ్నకి రెండు జవాబులు వినిపిస్తాయి. ఇది పజిల్ కాబట్టి బుర్రకి పని దొరుకుతుంది అంటారు కొందరు. చివరికి నేరస్థుడు దొరుకుతాడు కాబట్టి మనసుకి ఊరట అంటారు ఇంకొందరు. రెండూ తప్పని నేననను, కానీ రెండూ చాలవు. పజిలే కావాలంటే గళ్ళనుడికట్టు ఉంది, అందులో ఎవరూ చావనక్కర్లేదు. న్యాయం గెలవడమే కావాలంటే పోలీసు కథలు చాలు. ప్రైవేట్ డిటెక్టివ్‌కి మాత్రమే ఉన్న ఆకర్షణ ఏమిటో ఈ రెండూ చెప్పవు.

నా లెక్కలో ఆ ఆకర్షణ అతనికి ఉన్నదానిలో లేదు, లేనిదానిలో ఉంది. అతనికి అధికారం లేదు. వారెంట్ లేదు, లాకప్ లేదు. ఎవరైనా "నన్నడగడానికి మీరెవరండీ?" అని తలుపేసుకుంటే చేసేదేం లేదు. అయినా ఆ ఇంట్లో ప్రతి మనిషి దగ్గరా నిజం రాబట్టాలి. జవాబు చెప్పాల్సిన అవసరమే లేని మనిషి నోట జవాబు చెప్పించాలి. టెన్షన్ అంతా అక్కడే పుడుతుంది. పోలీసు ప్రశ్న వేస్తే అది విచారణ. ప్రైవేట్ డిటెక్టివ్ ప్రశ్న వేస్తే అది బేరం. ప్రతి సీనులోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇచ్చి ఇంకేదో పుచ్చుకుంటూ ఉంటారు. చదివేవాళ్ళకి ఆ బేరం చూడటంలోనే మజా.

ఇది రచయితలు గాల్లోంచి పుట్టించిన సంగతి కాదు. 1860 జూన్ నెలాఖరున ఇంగ్లండ్‌లో రోడ్ అనే పల్లెలో, బాగా కలిగిన ఒక కుటుంబంలో మూడేళ్ళ పిల్లాడు రాత్రికి రాత్రి మంచం మీంచి మాయమయ్యాడు. తెల్లారాక పెరట్లో మరుగుదొడ్డి గుంటలో శవం దొరికింది, గొంతు కోసి ఉంది. చేసింది ఇంట్లోవాళ్ళేనని అనుమానం. స్థానిక పోలీసుల వల్ల కాకపోయేసరికి లండన్ పోలీసుల ప్రధాన కార్యాలయం స్కాట్లాండ్ యార్డ్ నుంచి జొనాథన్ విచర్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యార్డ్‌లో డిటెక్టివ్ విభాగం 1842లో పెట్టారు, విచర్ అందులో మొదటినుంచీ పేరున్నవాడు. చాకలిపద్దు చూశాడు. పిల్లాడి సవతి అక్క, పదహారేళ్ళ కాన్‌స్టెన్స్ కెంట్‌కి మూడు నైట్‌గౌన్లు ఉండాలి, ఒకటి కనిపించడం లేదు. ఆ ఆధారంతో ఆమెని అరెస్ట్ చేశాడు.

దేశమంతా భగ్గుమంది. అయితే ఆ కోపం హంతకుల మీద కాదు, విచర్ మీద. కూలినాలి కుటుంబంలో పుట్టిన ఒక పోలీసువాడు పెద్దింటి ఆడపిల్ల బట్టలు లెక్కపెట్టడమేమిటని పత్రికలు ఏకిపారేశాయి. ఆమెని వదిలేశారు. విచర్ పేరు పోయింది, కొన్నేళ్ళకి ఉద్యోగం మానుకున్నాడు. 1865లో కాన్‌స్టెన్స్ తనంతట తనే వచ్చి నేరం ఒప్పుకుంది. విచర్ మొదటి రోజుల్లోనే సరిగ్గా పట్టుకున్నాడన్నమాట, కానీ అతనికి ఆ ఇంట్లో అడుగుపెట్టే అర్హత లేదని సమాజం తీర్పు చెప్పేసింది. ఇంకో విశేషం: ఉద్యోగం మానాక అతను ప్రైవేటుగా కేసులు చూశాడు. ఆ రోజుల్లో పెద్ద సంచలనమైన టిచ్‌బోర్న్ వారసత్వం తగాదాలో కుటుంబం తరఫున ఆరా తీసింది అతనే.

ఈ ఒక్క కేసులో మన కథల ముడిసరుకంతా ఉంది. మూసిన ఇల్లు, లోపలే ఉన్న హంతకుడు, పరువు కోసం నోరు విప్పని కుటుంబం, బయటివాడన్న ఏవగింపు. పోలీసు లోపలికొస్తే ఇంటి గుట్టు బజారున పడుతుంది. అదే మన తరఫున, మనం పిలిస్తే వచ్చినవాడైతే? ఆ 'అయితే' మీదే ఇన్నేళ్ళుగా బళ్ళకొద్దీ పుస్తకాలు నడుస్తున్నాయి.

చరిత్ర ఎక్కువ చెప్పను, ఒక్కటి మాత్రం గమనించండి. ఆధునిక డిటెక్టివ్ కథకి తొలి మెట్టు అనిపించుకున్న ఎడ్గార్ ఆలన్ పో కథ అచ్చయింది 1841లో. అంటే లండన్ పోలీసులకి డిటెక్టివ్ విభాగం పుట్టడానికి ఏడాది ముందు. అందులో కేసు తేల్చే డ్యూపాన్ ఏ ఉద్యోగమూ లేని మనిషి, పేపర్లు చదివి ఆలోచిస్తాడు. మూడో కథకి వచ్చేసరికి పారిస్ పోలీసు అధికారే అతని గుమ్మంలోకి వచ్చి, యాభై వేల ఫ్రాంకుల చెక్కు రాసిచ్చి మరీ సాయం తీసుకుంటాడు. పుట్టుకలోనే ఈ రకం కథ పోలీసుకి పక్కన నిలబడింది, పోలీసులోంచి పుట్టలేదు.

ఇక అధికారం లేనివాడు నిజం ఎలా రాబడతాడన్నది చూడండి. మంచి రచయితలు తమ డిటెక్టివ్‌కి ఇచ్చే మొదటి ఆయుధం తెలివి కాదు, ఎదుటివాళ్ళ చులకన. అగాథా క్రిస్టీ సృష్టించిన పొయిరో బెల్జియం నుంచి వచ్చిన పొట్టి మనిషి, మీసాల మీద మోజు, మాట్లాడే ఇంగ్లిషు వంకరటింకర. ఒక నవల చివర్లో అతనే బయటపెడతాడు: చక్కటి ఇంగ్లిషు తనకి వచ్చు, కావాలనే వంకరగా మాట్లాడతాడు. ఎందుకంటే, 'వీడికి మన భాషే రాదు' అనుకున్న మనిషి జాగ్రత్తగా ఉండడు. అదే రచయిత్రి సృష్టించిన మిస్ మార్పుల్ అల్లిక పని చేసుకునే ముసలావిడ. ఆవిడ ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టుకోకపోయినా సూత్రం అదే. మూల కూర్చుని స్వెటర్ అల్లుకునే మనిషి ముందు ఎవరు మాట తడబడకుండా చూసుకుంటారు? మన కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజు ఉండటానికీ ఇలాంటి ఉపయోగమే ఉంది. పెద్దాయన ముందు బిగుసుకుపోయే మనిషి కుర్రాడి దగ్గర వదులవుతాడు. అసిస్టెంట్ పాత్ర ఉన్నది చదివేవాళ్ళకి వివరాలు చెప్పడానికేనని చాలామంది అనుకుంటారు. అది సగమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను చదివే రాతప్రతుల్లో కొత్త రచయితలు ఎక్కువగా పట్టించుకోనిది ఇదే. మర్డర్ మిస్టరీలో అబద్ధం చెప్పేది హంతకుడొక్కడే అయితే కథ పది పేజీల్లో అయిపోతుంది. అందరూ అబద్ధం చెప్పాలి. హంతకుడు తప్ప మిగతావాళ్ళందరి అబద్ధాలకీ హత్యతో సంబంధం లేని కారణాలుండాలి. ఒకరు అప్పు దాస్తారు, ఒకరు ప్రేమ దాస్తారు, ఒకరు తమ పిరికితనం దాస్తారు. హత్య జరగకపోయి ఉంటే వాళ్ళు జన్మలో ఆ మాట ఎవరికీ చెప్పి ఉండేవాళ్ళు కాదు. హత్య అనేది ఒక మిష. ఆ మిష మీద డిటెక్టివ్ పదిమంది జీవితాల్లోకి తొంగిచూస్తాడు, అతని భుజం మీంచి మనం చూస్తాం.

మాటలతో చెబితే సరిపోదు, చిన్న నమూనా రాసి చూపిస్తాను. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, ఈ సమాధానం కోసం ఇప్పుడే అల్లింది. రిటైరైన ఒక జడ్జిగారు తన చదువుకునే గదిలో చనిపోయి కనిపించారు. విషం. గది వర్ణన ఇలా ఉంది అనుకోండి:

"గది సర్దినట్టుగానే ఉంది. బల్ల మీద తెరిచిన పుస్తకం, సగం ఖాళీ అయిన నీళ్ళ గ్లాసు, మూత పెట్టిన కలం, పెట్టెలో మడిచిపెట్టిన కళ్ళజోడు, నిన్నటి పేపరు, కిటికీ దగ్గర వాడిపోయిన పూలు. జడ్జిగారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఆయన పాదాల దగ్గర, తివాచీ అంచు కింద, సగం కాలిన కాగితం ముక్క కనిపించింది."

ఇది చదవగానే మీ కళ్ళు ఎక్కడికి పోయాయి? కాలిన కాగితం మీదికి. పోవాలనే దాన్ని చివర్లో పెట్టాను, దానికి విడిగా ఒక వాక్యం ఇచ్చాను. అసలు క్లూ జాబితా మధ్యలో, నాలుగో వస్తువుగా, ఏ హడావుడీ లేకుండా కూర్చుంది. కళ్ళజోడు పెట్టెలో ఉంటే పుస్తకం తెరిచి ఎందుకుంది? ఈ ప్రశ్న మీకు రావాలంటే ఆయన జోడు లేకుండా చదవలేరని మీకు ముందే తెలిసి ఉండాలి. దాన్ని రెండో అధ్యాయంలో నవ్వులాటగా చెప్పేస్తాను: జోడు పెట్టుకోకుండా పెళ్ళి శుభలేఖ తలకిందులుగా పట్టుకుని "ముహూర్తం బాగుంది" అంటారు జడ్జిగారు, ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వుతున్నప్పుడు చదివేవాళ్ళు నోట్సు రాసుకోరు. క్లూని దాచడానికి హాస్యం లాంటి చోటు ఇంకోటి లేదు.

ఆరో అధ్యాయంలో మేనకోడలు ఇన్‌స్పెక్టర్‌తో అంటుంది: "తొమ్మిదింటికి మామయ్య గదిలోకి వెళ్ళి గుడ్‌నైట్ చెప్పాను. పుస్తకం చదువుకుంటున్నాడు, తల కూడా ఎత్తలేదు." ఇన్‌స్పెక్టర్ రాసుకుంటాడు: తొమ్మిదికి బతికే ఉన్నారు. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎవరెవరు ఎక్కడున్నారని అడుగుతాడు. హంతకుడు ఆ సమయంలో నలుగురి మధ్య కూర్చుని ఉన్నాడు, తప్పించుకుంటాడు.

నిజానికి జడ్జిగారు తొమ్మిదికి ముందే పోయారు. పుస్తకం తెరిచిపెట్టింది హంతకుడు, ఆయన ఇంకా చదువుకుంటూనే ఉన్నట్టు కనిపించాలని. మరి మేనకోడలు? ఆమె ఆ గదిలోకి వెళ్ళనే లేదు. ఇంట్లోంచి గెంటేసిన తన తమ్ముడు వెనక గేటు దగ్గరికి వస్తే దొంగచాటుగా డబ్బివ్వడానికి వెళ్ళింది. పొద్దున శవాన్ని చూసినప్పుడు పక్కన తెరిచిన పుస్తకం కనపడింది, దాన్నిబట్టి ఒక అబద్ధం అల్లుకుంది. ఆమె అబద్ధం హంతకుడికి కోటగోడలా నిలబడింది. ఇక్కడ నాకు బాగా ఇష్టమైన ముడి ఉంది: ఆమె చెప్పింది అబద్ధమని ఆ ఇంట్లో ఇంకొక్కడికే తెలుసు. ఆమె తొమ్మిదింటికి చదువుకుంటుంటే చూశానన్న మనిషి అప్పటికే ప్రాణంతో లేడని తెలిసిన హంతకుడికి. వాడు ఏమీ మాట్లాడడు. పైగా ఆమె మీద హఠాత్తుగా దయ చూపిస్తాడు.

ఇప్పుడు ఇన్‌స్పెక్టర్‌కి కళ్ళజోడు సంగతి తడితే ఏం చేస్తాడు? అబద్ధం చెప్పింది కాబట్టి ఆమెనే అరెస్ట్ చేస్తాడు. అతని ఉద్యోగంలో అది సబబే. ప్రైవేట్ డిటెక్టివ్ అలా చేయలేడు, చేయడు. ఆమె పక్కన కూర్చుని "మామయ్య ఏం పుస్తకం చదువుతున్నాడమ్మా?" అంటాడు, అంతే. ఆమె చెప్పలేదు. అతను రెట్టించడు. మర్నాడు మళ్ళీ వస్తాడు. చివరికి అతను ఇవ్వగలిగిందల్లా ఒక్క మాట: "గేటు దగ్గరికి ఎవరొచ్చారో నాకు అక్కర్లేదు, ఎవరికీ చెప్పను. మీరు గదిలోకి వెళ్ళారా లేదా, అది ఒక్కటే చెప్పండి." పోలీసు ఆ మాట ఇవ్వలేడు. ఇస్తే తన విధి తప్పినట్టు. అధికారం లేనితనం ఇక్కడ బలంగా మారుతుంది. ఆ సీను రాయడం హంతకుణ్ణి బయటపెట్టే సీను రాయడం కంటే కష్టం. బాగా రాస్తే మీరు గుర్తుపెట్టుకునేది కూడా దాన్నే.

పజిల్ వాదానికి బలమైన సాక్ష్యం లేదని కాదు. 1920లు, 30లలో ఈ కథల్ని ఆటలాగే చూశారు. అమెరికన్ రచయిత ఎస్. ఎస్. వాన్ డైన్ 1928లో ఇరవై నియమాలు రాశాడు. శవం తప్పనిసరి అనడమే కాదు, హత్య కంటే చిన్న నేరానికి మూడొందల పేజీల శ్రమ దండగ అన్నాడు (మీ మూడొందల పేజీల ఫిర్యాదు ఆయన ముందే విన్నట్టున్నాడు). ఆ మరుసటి ఏడాది రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిషు మతగురువు పది నియమాలు పెట్టాడు: యాదృచ్ఛికంగా కేసు తేలకూడదు, ఒకటికి మించి రహస్య ద్వారాలు ఉండకూడదు, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికి దాచకూడదు. అదే 1929లో అమెరికాలో హార్పర్ సంస్థ కొన్ని మిస్టరీ నవలల చివరి భాగానికి సీలు వేసి అమ్మింది. సీలు విప్పకుండా పుస్తకం తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు. ఎంత ధీమా చూడండి!

ఈ నియమాల్లో నేను ఇప్పటికీ గట్టిగా పట్టుకునేది ఒక్కటే: క్లూ దాచకూడదు. మిగతావాటిని మంచి రచయితలు దర్జాగా ఉల్లంఘించారు, లోకం మునిగిపోలేదు. ప్రేమకథ ఉండకూడదని వాన్ డైన్ అన్నాడు. మనుషులు హత్య చేయడానికి ఉండే కారణాల్లో సగం కొట్టేశాక ఇంకేం మిగులుతుందో ఆయనకే తెలియాలి.

పజిలే సర్వస్వం కాదనడానికి ఎదురు సాక్ష్యం అమెరికన్ రచయిత రేమండ్ చాండ్లర్. 1939లో వచ్చిన ఆయన మొదటి నవలలో ఒక కారు డ్రైవర్ చస్తాడు. దాన్ని సినిమా తీస్తున్నవాళ్ళకి అతన్ని ఎవరు చంపారో అర్థంకాక రచయితకే టెలిగ్రాం కొట్టారు. తనకీ తెలియదని ఆయన జవాబు. నేను దిద్దే ప్రతిలో ఇలాంటి కంత ఉంటే వెనక్కి పంపిస్తాను, అది వేరే సంగతి. కానీ ఆ నవలని ఎనభై ఏళ్ళు దాటినా జనం చదువుతూనే ఉన్నారు. ఎందుకంటే అక్కడ పట్టు 'ఎవరు చంపారు' అన్నదానిలో లేదు, ఆ డిటెక్టివ్ ఒక్కో తలుపు తట్టి లోపలికెళ్ళి ఏం చూశాడన్నదానిలో ఉంది.

ఆ అమెరికన్ బాణీకి దారివేసిన డాషియల్ హామెట్ రాయడం మొదలుపెట్టకముందు పింకర్టన్ అనే ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేశాడు. ఆయన రాతలో ఆ అనుభవం ఎక్కడ కనపడుతుందంటే, క్లయింటు దగ్గర. మొదటి అధ్యాయంలో ఆఫీసుకొచ్చి కన్నీళ్ళు పెట్టుకుని డబ్బు బల్ల మీద పెట్టిన మనిషే అబద్ధం చెబుతూ ఉంటుంది. పోలీసుకి ఈ చిక్కు లేదు, అతనికి జీతం ప్రభుత్వం ఇస్తుంది. ప్రైవేట్ డిటెక్టివ్‌కి కూడు పెట్టేదే అతన్ని మోసం చేస్తున్న మనిషి. నిజం తేలిస్తే క్లయింటు జైలుకి పోతాడు, తేల్చకపోతే ఫీజు ముడుతుంది. ఈ ఇరకాటం పోలీసు కథలో పెట్టాలంటే లంచం లాంటిదేదో తెచ్చి పెట్టాలి. ఇక్కడ అది వృత్తిలోనే ఉంది. 1982లో సారా పరెట్‌స్కీ, సూ గ్రాఫ్టన్ అనే రచయిత్రులిద్దరూ ఆడ ప్రైవేట్ డిటెక్టివ్‌లతో సిరీస్‌లు మొదలుపెట్టారు. వాళ్ళ దగ్గర ఇంకో పొర చేరింది: అధికారం లేకపోవడమే కాదు, 'ఇది నీ పని కాదమ్మా' అనే మాట కూడా ప్రతి గుమ్మంలోనూ దాటాలి.

నిజమైన ప్రైవేట్ డిటెక్టివ్‌లు ఏం చేస్తారో కూడా రెండు ముక్కల్లో చెబుతాను: ఉద్యోగానికి వచ్చినవాళ్ళ పూర్వాపరాలు, బీమా మోసాలు, తప్పిపోయిన మనుషులు, భార్యాభర్తల అనుమానాలు. ఎక్కువ భాగం కారులో కూర్చుని ఎదురుచూడటం, కాగితాలు తిరగేయడం. హత్య కేసు చేతికి రావడం అరుదు. కథకి వాస్తవంతో ఉన్న చుట్టరికం అంతంతమాత్రమే, దాని గురించి నాకు దిగులూ లేదు.

న్యాయం సంగతి కూడా చెప్పాలి. కవి డబ్ల్యూ. హెచ్. ఆడెన్ 1948లో ఈ కథల మీద మంచి వ్యాసం రాశాడు. తనకిది పొగాకులాంటి వ్యసనమనీ, మొదలుపెడితే ఆపలేననీ, అయిపోగానే కథ మర్చిపోతాననీ ఒప్పుకున్నాడు. చదివే అందరిలోనూ ఏదో ఒక అపరాధభావం ఉంటుంది, దోషి వేరే ఎవరో అని తేలితే ఆ బరువు దిగుతుంది అన్నది ఆయన వాదం. వినడానికి బాగుంది. కానీ ప్రైవేట్ డిటెక్టివ్ కథల్లో దోషి చట్టం చేతికి చిక్కని సందర్భాలు కొల్లలు. 1904లో అచ్చయిన ఒక షెర్లాక్ హోమ్స్ కథలో (చదవనివాళ్ళ కోసం పేరు చెప్పను) చంపినవాడు ఎదురుగా నిలబడి అంతా ఒప్పుకుంటాడు. హోమ్స్ తన స్నేహితుడు వాట్సన్ వైపు తిరిగి, నువ్వే జ్యూరీ, తీర్పు చెప్పు అంటాడు. వాట్సన్ నిర్దోషి అంటాడు. మనిషిని వదిలేస్తారు, పోలీసులకి చెప్పరు. యూనిఫాం వేసుకున్నవాడు ఈ పని చేస్తే మనకి కంపరం పుడుతుంది, హోమ్స్ చేస్తే పుడుతుందా? ఆలోచించి చూడండి. అధికారం లేనివాడు క్షమించినా, క్షమించకపోయినా అది ఒక మనిషి నిర్ణయం. దానితో మనం ఒప్పుకోవచ్చు, దెబ్బలాడొచ్చు. పుస్తకం మూశాక కూడా ఆ దెబ్బలాట సాగుతుంది. నేరస్థుడు దొరికాడన్న ఊరటకంటే ఇది ఎక్కువ రోజులు నిలుస్తుంది.

సెల్‌ఫోన్లు, సీసీ కెమెరాలు, డీఎన్‌ఏ వచ్చాక ఈ కథలకి కాలం చెల్లిందనేవాళ్ళున్నారు. బ్రిటిష్ శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్‌ఏ ముద్రల పద్ధతి కనిపెట్టాక ఇంగ్లండ్‌లో దాన్ని వాడిన తొలి హత్య కేసులో అది మొట్టమొదట చేసిన పని, నేరం ఒప్పుకున్న ఒక కుర్రాడు ఆ నేరం చేయలేదని తేల్చడం. అంటే మనుషులు చేయని నేరం కూడా ఒప్పుకుంటారు. ఎందుకు ఒప్పుకున్నాడన్నది ల్యాబ్ చెప్పదు. ఫోన్ ఎక్కడుందో టవర్ చెబుతుంది, ఆ రాత్రి అక్కడికెందుకు వెళ్ళారన్నది మనిషి నోటినుంచే రావాలి. మన కథకి ఆ 'ఎందుకు' చాలు.

మీ మూడో ప్రశ్న. సగంలో హంతకుణ్ణి ఊహించేస్తున్నానన్నారు. దాన్ని రెండుగా విడదీయండి. "పనీపాటా లేకుండా మంచివాడిలా తిరుగుతున్నాడు, వీడే అయ్యుంటాడు" అని మీకు తోచిందా? అది కథ మీద గెలవడం కాదు, రచయితల అలవాట్లు పసిగట్టడం. చాలా పుస్తకాలు చదివినవాళ్ళకి అది ఎలాగూ వస్తుంది. దానికి విరుద్ధంగా, ఏ పేజీలో ఏ క్లూ వల్ల అతనే అని తేలిందో, మిగతావాళ్ళు ఎందుకు కాదో చెప్పగలిగారా? అలా చెప్పగలిగితే మీకు శభాష్, ఆ పుస్తకం మిమ్మల్ని గౌరవించినట్టే. నా అనుభవంలో ముందే ఊహించాననేవాళ్ళలో ఎక్కువమంది మొదటి రకం. పేరు సరిగ్గానే చెబుతారు, కళ్ళజోడు లాంటి క్లూ సంగతి అడిగితే నీళ్ళు నములుతారు.

పుస్తకం తప్పు కూడా ఉంటుంది. హంతకుడి పేరు తప్ప ఇంకే రహస్యమూ లేని నవలలు బోలెడు. ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు 1944లో ఇలాంటివాటి మీద మండిపడ్డాడు: పెద్ద పెట్టెలు విప్పి, లోపల నింపిన చెక్కపొట్టంతా మింగితే అడుగున వంగిపోయిన తుప్పు మేకులు నాలుగు దొరికినట్టుందని. అలాంటి పుస్తకం మీరు సగంలో ఆపేస్తే మీకు పోయేదేం లేదు. మీలో లోపం వెతక్కండి.

చివర తెలిస్తే రుచి పోతుందన్నది కూడా అంత ఖాయం కాదు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న కథలతో పరీక్షించారు. ముగింపు ముందే తెలిసిన పాఠకులు సగటున కథని ఇంకొంచెం ఎక్కువే ఇష్టపడ్డారు, మిస్టరీ కథలతో సహా. తర్వాత జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఫలితం వేరేగా వచ్చింది కాబట్టి దీన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. అయితే ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇందులో వింతేం లేదు. మేం ప్రతి పుస్తకాన్నీ చివర తెలిసే చదువుతాం, రెండోసారి చదివినప్పుడే పని ఎంత నాణ్యంగా ఉందో తెలుస్తుంది. హంతకుడు మొదటి అధ్యాయంలో అన్న మాట రెండోసారి చదివితే అర్థం మారిపోవాలి, కానీ ఒక్క అక్షరం కూడా అబద్ధం కాకూడదు. దానికి పట్టే శ్రమ రాసేవాళ్ళకే తెలుసు.

కాబట్టి మీరు ఆపేసిన పుస్తకాల్లోంచి ఒకటి తీసి ఈసారి ఇలా చదవండి. హంతకుడు మీరనుకున్నవాడే అనుకోండి, ఆ సంగతి పక్కన పెట్టేయండి. మిగతా ఒక్కో మనిషి డిటెక్టివ్‌కి ఏ అబద్ధం చెప్పాడు, దేన్ని కాపాడుకోవడానికి చెప్పాడు, అతను దాన్ని ఏమిచ్చి బయటికి లాగాడు అన్నది పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటూ వెళ్ళండి. నలుగురైదుగురి దగ్గర మీకు జవాబు దొరికితే ఆ రచయిత పుస్తకాలు ఇంకో రెండు కొనుక్కోండి. ఒక్కరి దగ్గరా దొరక్కపోతే ఆ పుస్తకం ఎవరికైనా ఇచ్చేసి ముందు హోమ్స్ చిన్న కథలు పట్టుకోండి. అవి మొత్తం 56 ఉన్నాయి, ఒక్కోటి ఒక్క కూర్చోడంలో అయిపోతుంది. వాటిలో కొన్నిట్లో హత్యే ఉండదు. వాన్ డైన్ మాట ఎంతవరకు నిజమో అక్కడ మీకే తెలుస్తుంది.